నీటి అడుగున మాక్రో, వైడ్ యాంగిల్: ఏ లెన్స్, ఏ పోర్ట్, ఏ వ్యూఫైండర్?

కడలిపిట్ట:
అందరికీ నమస్కారం. డైవింగ్‌లో నిలకడ వచ్చింది, ఇక కెమెరా పట్టుకుని దిగాలని ఉంది. నా దగ్గర సోనీ ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్ బాడీ ఉంది. దానితో వచ్చిన 28-70 కిట్ లెన్స్, 90 మి.మీ. ఎఫ్ 2.8 మాక్రో, ల్యాండ్‌స్కేప్‌ల కోసం కొన్న 16-35 కూడా ఉన్నాయి. హౌసింగ్ (కెమెరాను నీటి నుంచి కాపాడే పెట్టె) ఏది కొనాలో తేల్చుకున్నాను. దానికి ఏ పోర్టులు (లెన్స్ ముందు బిగించే గాజు భాగాలు) తీసుకోవాలో తెలియడం లేదు.

ముందు మాక్రోతో (చిన్న జీవుల క్లోజప్‌లతో) మొదలుపెట్టాలా, వైడ్ యాంగిల్‌తోనా? 16-35కి పెద్ద డోమ్ (గుండ్రటి పోర్ట్) కొంటే సరిపోతుందా, లేక ఫిష్‌ఐ (అతి వెడల్పుగా, వంపుగా చూసే లెన్స్) కావాలా? ఇంకొకటి, హౌసింగ్‌కి విడిగా అమ్మే 45 డిగ్రీల వ్యూఫైండర్ గురించి చాలామంది గొప్పగా చెబుతున్నారు. వెనక స్క్రీన్ ఉండగా అది నిజంగా అవసరమా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరు.

లోతుమనిషి:
కడలిపిట్ట గారూ, నేల మీద మనం లెన్స్ ఎంచుకుంటాం. నీళ్లలో మాత్రం ముందు పోర్ట్ ఎంచుకోవాలి, ఆ తర్వాతే లెన్స్. ఎందుకంటే నీటికీ గాలికీ మధ్య ఉన్న ఆ గాజు ఆకారాన్ని బట్టే మీ లెన్స్ ఎలా పనిచేస్తుందో తేలుతుంది.

నీటి వక్రీభవన గుణకం దాదాపు 1.33. ఫ్లాట్ పోర్ట్ (చదునైన గాజు) వెనక నుంచి చూస్తే ప్రతిదీ మూడో వంతు పెద్దదిగా, ఆ మేరకు దగ్గరగా కనిపిస్తుంది. మాక్రోకి ఇది లాభమే. 27 డిగ్రీలు చూసే మీ 90 మి.మీ. లెన్స్ నీళ్లలో 20 డిగ్రీలే చూస్తుంది, అంటే ఇంకొంచెం పొడవైన లెన్స్ చేతికి వచ్చినట్టే. అదే 16 మి.మీ. దగ్గర పెట్టి చూడండి. నేల మీద మూల నుంచి మూలకు 107 డిగ్రీలు చూసే లెన్స్, ఫ్లాట్ పోర్ట్ వెనక 75 డిగ్రీల దాకా పడిపోతుంది. పైగా అంచుల్లో రంగులు విడిపోయి, బొమ్మ సాగిపోతుంది. ఎంత వెడల్పాటి లెన్స్ పెట్టినా ఫ్లాట్ పోర్ట్ గుండా 97 డిగ్రీల కంటే ఎక్కువ చూడటం కుదరదు. అది భౌతిక శాస్త్రం పెట్టిన హద్దు, ఏ కంపెనీ దాన్ని దాటలేదు. వైడ్‌కి డోమ్ కావాలనడానికి మూలం ఇదే.

ఇక ఏది ముందు అన్నారు కదా. మీరు దిగే నీళ్లు ఎంత తేటగా ఉంటాయి? అయిదారు మీటర్లకు మించి కనిపించని నీళ్లయితే మాక్రోతోనే మొదలుపెట్టండి. నీరు మసకగా ఉన్నా, తీసే జీవికీ లెన్స్‌కీ మధ్య ఒక్క జానెడే ఉంటే ఆ మసక ఫోటోలోకి రాదు.

కడలిపిట్ట:
నీళ్లు ఒక్కోసారి చాలా తేటగా, ఒక్కోసారి పాలు కలిపినట్టు ఉంటాయండి. అందుకే రెండూ కావాలనిపిస్తోంది. మాక్రోకి నా 90 మి.మీ. చాలా? ఇంకా చిన్న లెన్స్ కొనాలా?

మాక్రోపిచ్చి:
90 చాలు, హాయిగా చాలు. ఫుల్ ఫ్రేమ్‌లో 90, 100, 105 మి.మీ. లెన్సులే మాక్రోకి మూలస్తంభాలు. క్యానన్ 100, నికాన్ 105, సోనీ 90 ఏదైనా పని ఒకటే. 1:1 దగ్గర, అంటే జీవి సెన్సర్ మీద అసలు సైజులోనే పడినప్పుడు, ఫ్రేమ్‌లో పట్టేది 36 x 24 మి.మీ. జాగా. ఒక పిగ్మీ సీహార్స్ (బుల్లి సముద్ర గుర్రం) రెండు సెంటీమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఫ్రేమ్ పొడవులో సగానికి పైగా నిండుతుంది. డయాప్టర్ (ముందు తగిలించే క్లోజప్ అద్దం) లేకుండానే ఆ ఫోటో వచ్చేస్తుంది.

60 మి.మీ. లెన్స్ సంగతి కూడా చెప్పాలి. నికాన్ 60 మి.మీ. 1:1 దగ్గర ఫోకస్ దూరం 18.5 సెం.మీ. అది సెన్సర్ నుంచి కొలిచేది. అందులోంచి బాడీ, లెన్స్, పోర్ట్ తీసేస్తే గాజుకీ జీవికీ మధ్య మిగిలేది చాలా తక్కువ. కదలని న్యూడిబ్రాంక్‌కి (చిప్పలేని సముద్రపు నత్తకి) పర్వాలేదు. బొరియలోంచి తొంగిచూసే గోబీ, బ్లెన్నీ లాంటి చిన్న చేపలు పోర్ట్ అంత దగ్గరికి రాగానే లోపలికి జారుకుంటాయి. పైగా పోర్ట్ నీడ వాటి మీద పడుతుంది, స్ట్రోబ్ (నీటి అడుగున వాడే ఫ్లాష్) వెలుగు లోపలికి దూరదు. ఏపీఎస్-సీ, మైక్రో ఫోర్ థర్డ్స్ లాంటి చిన్న సెన్సర్ కెమెరాల వాళ్లకు 60 మంచి ఎంపిక, క్రాప్ వల్ల దాని చూపు ఇరుకవుతుంది కాబట్టి. మసక నీళ్లలో చేప ముఖాలు తీయడానికి దాన్ని మించింది లేదు. ఫుల్ ఫ్రేమ్‌లో ఒక్కటే కొనాలంటే మాత్రం 90-105 మధ్యే.

మీ సోనీ 90 గురించి ఒక ముఖ్యమైన మాట. దాని మీద ఫోకస్ లిమిటర్ స్విచ్ ఉంది: పూర్తి దూరం, 0.5 మీటర్ల నుంచి అనంతం, 0.28 నుంచి 0.5 మీటర్లు. హౌసింగ్ మూసేశాక చాలా పోర్టుల్లో ఆ స్విచ్ చేతికి అందదు. కాబట్టి ఆ రోజు ఏం తీయబోతున్నారో నిర్ణయించుకుని మూయకముందే పెట్టేయాలి. చిన్న జీవులకు 0.28-0.5 పెడితే ఫోకస్ వెతుకులాట చాలా తగ్గుతుంది. చేపల ముఖాలు కూడా తీస్తారంటే పూర్తి దూరం మీదే ఉంచండి.

కడలిపిట్ట:
ఈ స్విచ్ సంగతి నాకు తట్టనే లేదు, చాలా థాంక్స్. డయాప్టర్ ఎప్పుడు కొనాలి?

మాక్రోపిచ్చి:
1:1లో ఫోకస్ తడబడకుండా కుదురుతున్నప్పుడు. అంతకుముందు కొంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు.

కారణం చెబుతాను. +10 డయాప్టర్ పెడితే లెన్స్ అనంతం దగ్గర ఉన్నా జీవి దాదాపు 10 సెం.మీ. దూరంలోనే ఉండాలి. +5 అయితే 20 సెం.మీ. దానికి అవతల ఏదీ ఫోకస్ కాదు. వ్యూఫైండర్‌లో అంతా పొగమంచులా కనిపిస్తుంటే, జీవి ఎక్కడుందో తెలియక మనమే వెతుక్కోవాలి. అందుకే డయాప్టర్‌ను పోర్ట్ ముందు తలుపులా తెరిచి మూసే ఫ్లిప్ హోల్డర్‌తో కొనండి. ముందు మామూలు లెన్స్‌తో జీవిని ఫ్రేమ్ మధ్యలోకి తెచ్చుకోవాలి, తర్వాత హోల్డర్ మూసి, మెల్లగా ముందుకు జరగాలి. 67 మి.మీ. మర ఉన్నది తీసుకుంటే దాదాపు అందరి పోర్టులకీ సరిపోతుంది. మొదటిదిగా +5, +6 లాంటి తక్కువ పవర్ మేలు. అనుభవం వచ్చాక నాటికాం ఎస్ఎంసీ-1 లాంటి బలమైన వాటికి వెళ్లొచ్చు. వాటితో లెన్స్‌ను బట్టి 2:1కి పైగా కూడా వస్తుంది. అక్కడ ఫోకస్ లోతు ఒక మిల్లీమీటరు చుట్టుపక్కలే ఉంటుంది. ఆ స్థితిలో ఆటో ఫోకస్‌ని ఒకచోట తాళం వేసి, శరీరాన్నే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపుతూ కన్ను పదునుగా కనిపించిన క్షణంలో నొక్కాలి.

ఇంకొకటి. ఇసుక మీద, పగడం మీద ఒరిగి కెమెరాను ఆనించే అలవాటు అస్సలు చేసుకోకండి. ఒక్క ఫోటో కోసం విరిగిన పగడపు కొమ్మ మళ్లీ అంత పెరగడానికి ఏళ్లు పడుతుంది. నిలకడగా తేలడం రాని రోజున కెమెరా పైనే ఉంచేసి దిగండి.

గుండ్రటిఅద్దం:
వైడ్ సంగతి నేను చెబుతాను. కడలిపిట్ట గారూ, మీ 16-35కి పెద్ద డోమ్ కొనే ముందు ఇది చదవండి.

డోమ్ ముందు ఉన్న నీటి ప్రపంచాన్ని లెన్స్ నేరుగా చూడదు. డోమ్ తయారుచేసే ఒక మిథ్యా ప్రతిబింబాన్ని చూస్తుంది. అనంత దూరంలో ఉన్న వస్తువు ప్రతిబింబం కూడా డోమ్ ఉపరితలం నుంచి దాదాపు మూడు వ్యాసార్ధాల దూరంలోనే ఏర్పడుతుంది. 230 మి.మీ. అర్ధగోళం డోమ్ అనుకోండి, అంటే 35 సెం.మీ. మీ ముందున్న పగడపు దిబ్బ నుంచి దూరాన నీలంలో ఉన్న సొరచేప దాకా అంతా ఆ చిన్న మేరలో ఇమిడిపోతుంది. పైగా ఆ ప్రతిబింబం చదునుగా ఉండదు, గిన్నెలా వంగి ఉంటుంది. నేల మీద చదునైన తలానికి తయారైన మీ 16-35, వంగిన ఈ ప్రతిబింబాన్ని ఎలా పట్టాలి? మధ్యలో పదును కుదిరితే మూలలు కరిగిపోతాయి. ఎఫ్ 8 కాదు, అపెర్చర్‌ను ఎఫ్ 11, ఎఫ్ 13 దాకా మూసినా 16 మి.మీ. దగ్గర మూలలు పూర్తిగా బాగుపడవు.

అదే ఫిష్‌ఐ అయితే దాని సహజమైన వంపు ఈ ప్రతిబింబం వంపుతో చాలావరకు కలిసిపోతుంది. అందుకే చిన్న డోమ్ వెనక కూడా ఫిష్‌ఐ మూలలు ఆశ్చర్యపోయేలా ఉంటాయి. క్యానన్ 8-15 ఎఫ్ 4ని అడాప్టర్‌తో సోనీకి పెట్టుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఏపీఎస్-సీలో టోకినా 10-17, మైక్రో ఫోర్ థర్డ్స్‌లో ప్యానాసోనిక్ 8 మి.మీ. ఇదే పని చేస్తాయి. 180 డిగ్రీల చూపు అంటే ఒక మీటరు కంటే దగ్గరగా వెళ్లి కూడా మొత్తం దిబ్బనీ సూర్యుడినీ ఒకే ఫ్రేమ్‌లో పెట్టొచ్చు. కింద నుంచి పైకి చూస్తే ఉపరితలం మీద కనిపించే ఆ గుండ్రటి వెలుగు కిటికీ 97 డిగ్రీల వెడల్పు ఉంటుంది. దాన్ని చుట్టూ చీకటితో సహా పట్టేది ఫిష్‌ఐ మాత్రమే.

దగ్గరగా వెళ్లడం ఎందుకంత ముఖ్యమంటే, కొన్ని మీటర్ల నీరు దాటేసరికే ఎరుపు చచ్చిపోతుంది. స్ట్రోబ్ వెలుగు బొమ్మ దాకా వెళ్లి, తిరిగి లెన్స్ దాకా రావాలి. దూరం రెండింతలైతే నష్టం అంతకంటే ఎక్కువ. ఎంత ఖరీదైన స్ట్రోబ్ ఉన్నా ఒకటిన్నర మీటర్లు దాటాక నిజమైన రంగు ఆశించకండి.

శంఖంచప్పుడు:
గుండ్రటిఅద్దం అన్నా, మీ మాటకు సగమే ఒప్పుకుంటాను. మునిగిపోయిన ఓడ స్తంభాలు ఫిష్‌ఐలో విల్లులా వంగిపోతాయి. ఫ్రేమ్ అంచున ఉన్న డైవర్ కాళ్లు సాగిపోతాయి. దగ్గరికి రాని తిమింగల సొరచేప ఫిష్‌ఐలో వేలెడంత కనిపిస్తుంది. ఇలాంటి వాటికి 16-35 చక్కగా పనికొస్తుంది. నీలం నేపథ్యంలో మూలలు మెత్తబడినా ఎవరికీ కనిపించదు, ఎందుకంటే అక్కడ ఉన్నది నీళ్లే. సీ అండ్ సీ వాళ్ల కరెక్షన్ లెన్స్‌ను ఫిల్టర్‌లా ముందు బిగిస్తే మూలలు ఇంకా మెరుగవుతాయి. చెడ్డ లెన్స్ అనేయడం న్యాయం కాదు.

గుండ్రటిఅద్దం:
న్యాయమైన మాట. ఓడలకూ పెద్ద జంతువులకూ ఒప్పుకుంటాను. కానీ కడలిపిట్ట గారి దగ్గర 28-70 ఉంది కదా, దాన్ని మనమంతా పట్టించుకోలేదు. నేనైతే దానితోనే మొదలుపెడతాను.

ఆ కిట్ లెన్స్‌ను ఫ్లాట్ పోర్ట్ వెనక పెట్టి, ముందు నాటికాం డబ్ల్యూడబ్ల్యూఎల్-1 లాంటి వెట్ వైడ్ లెన్స్ తగిలిస్తే 28 దగ్గర 130 డిగ్రీలు వస్తుంది. జూమ్ చేసుకుంటూ పోతే దాదాపు 60 డిగ్రీల దాకా తగ్గించుకోవచ్చు. ఒకే డైవ్‌లో దిబ్బా తీయొచ్చు, దూరంగా ఉన్న తాబేలూ తీయొచ్చు. దీన్ని నీళ్లలో వాడటానికే లెక్కగట్టి చేశారు, అందుకే మూలలు 16-35 డోమ్ కంటే చాలా బాగుంటాయి. అదీ తక్కువ మూసిన అపెర్చర్ దగ్గరే. డబ్ల్యూఏసీపీ-1 ఇదే పద్ధతిలో ఇంకా పెద్దది, ఇంకా బరువు. మొదటి సెట్‌కి అది అవసరం లేదు.

కడలిపిట్ట:
మామూలు కిట్ లెన్స్‌తో అంత వస్తుందా! నేల మీద దాన్ని బ్యాగ్‌లోంచి తీయను కూడా తీయను. వెట్ లెన్స్‌తో ఇబ్బందులు ఏమైనా ఉన్నాయా?

గుండ్రటిఅద్దం:
రెండు. మొదటిది గాలి బుడగలు. పోర్ట్‌కీ వెట్ లెన్స్‌కీ మధ్య నీళ్లు నిండాలి. దూకిన వెంటనే లెన్స్‌ను కాస్త విప్పి, లోపల వేలితో తుడిచి, మళ్లీ బిగించాలి. ఈ పని చేయకపోతే ప్రతి ఫోటోలో ఒక మసక మచ్చ ఉంటుంది. రెండోది, సగం నీళ్లు సగం ఆకాశం ఫోటోలు దీనితో కుదరవు. గాలిలో ఇది పనిచేయదు. వాటికి 8 అంగుళాలు, అంతకంటే పెద్ద డోమే కావాలి, నీటి గీత లెన్స్‌కి దూరంగా సన్నగా పడాలి కాబట్టి.

నిదానం:
డోమ్ అంటున్నారు కాబట్టి ఒక చిన్న మాట. అక్రిలిక్ డోమ్ తేలిక, గీత పడినా పాలిష్ చేసుకోవచ్చు, సన్న గీతల్లో నీళ్లు నిండిపోతాయి కాబట్టి కింద పెద్దగా కనిపించవు. గాజు గట్టిది, బరువు, కానీ గీత పడితే పడినట్టే. ఏది కొన్నా లెన్స్‌కి చెప్పిన ఎక్స్‌టెన్షన్ రింగ్ (పోర్ట్ పొడవు పెంచే కంకణం) మాత్రం సరిగ్గా అదే వాడండి. లెన్స్ ఎంట్రన్స్ ప్యూపిల్ (ముందు నుంచి చూస్తే లోపల కనిపించే అపెర్చర్ స్థానం) డోమ్ కేంద్రంలో కూర్చోకపోతే మంచి లెన్స్ కూడా అధ్వానంగా కనిపిస్తుంది.

అలలరాణి:
వ్యూఫైండర్ ప్రశ్న అలాగే ఉండిపోయింది, నేను ఎత్తుకుంటాను. నా కళ్లకు చత్వారం వచ్చింది. దగ్గరి స్క్రీన్ మాస్క్ గుండా స్పష్టంగా కనిపించదు. ఈ ఒక్క కారణానికే నాకు అదనపు వ్యూఫైండర్ అవసరమైంది. దానిలో డయాప్టర్ సర్దుబాటు, అంటే మన కంటి పవర్‌కి తగ్గట్టు మార్చుకునే వీలు ఉంటుంది. మిర్రర్‌లెస్‌లో తీసిన ఫోటో, హిస్టోగ్రామ్ (వెలుగు చీకట్ల గ్రాఫ్), మెనూ అన్నీ ఆ కంటిగూడులోనే చూసుకోవచ్చు. స్క్రీన్ వైపు తిరగనక్కర్లేదు.

హౌసింగ్‌తో వచ్చే మామూలు వ్యూఫైండర్‌లో చిక్కు ఏమిటంటే, మాస్క్ వల్ల కన్ను కెమెరా ఐపీస్‌కి దూరంగా ఉండిపోతుంది. ఫ్రేమ్ చిన్నగా కనిపిస్తుంది, కొన్నిసార్లు నాలుగు మూలలూ ఒకేసారి కనిపించవు. విడిగా కొనే 180, 45 డిగ్రీల వ్యూఫైండర్లు మొత్తం ఫ్రేమ్‌ను మాస్క్ దూరం నుంచి కూడా పెద్దగా చూపిస్తాయి.

45 మాక్రోకి వరం. జీవి నేలకు దగ్గరగా ఉంటుంది, మీరు పైనుంచి తల వంచి చూస్తారు, కెమెరా మాత్రం అడ్డంగా నేలకు సమాంతరంగా ఉంటుంది. మెడ వెనక్కి విరుచుకోవాల్సిన పని లేదు, కడుపు ఇసుకకు తాకదు. కింద నుంచి పైకి తీసే దగ్గరి వైడ్ ఫోటోలకు కూడా ఇదే. కానీ వేగంగా కదిలే చేపను 45లో వెంబడించడం మొదట్లో చాలా కష్టం. మీరు చూసే దిక్కూ లెన్స్ చూసే దిక్కూ వేరు. పెద్ద జంతువులు, సొరచేపలు, గుంపులుగా తిరిగే చేపలైతే 180 డిగ్రీలది, అంటే నేరుగా చూసేదే హాయి. ఈ 45 డిగ్రీల మోడల్స్‌లో కొన్ని పక్కకు తిరుగుతాయి, నిలువు ఫోటోలకు అది బాగా పనికొస్తుంది.

నిదానం:
అలలరాణి గారూ, మీ కళ్ల సంగతి అర్థమైంది. కానీ కొత్తవాళ్లందరికీ ముందే వ్యూఫైండర్ కొనమనడం నాకు నచ్చదు. వైడ్‌లో కెమెరాను చేయి చాచి దిబ్బ కిందికి దించి, స్క్రీన్‌లో ఓరకంట చూస్తూ తీయడం వ్యూఫైండర్‌తో సాధ్యం కాదు. పైగా దగ్గరికి వచ్చే జంతువుతో కంటిచూపు కలపాలంటే కంటికి ఏదీ అడ్డుండకూడదు. ఆ డబ్బు రెండో స్ట్రోబ్‌కి పెడితే ఫోటోల్లో తేడా అదే రోజు కనిపిస్తుంది.

స్క్రీన్ వాడినా, వ్యూఫైండర్ వాడినా ఒకటి మర్చిపోవద్దు. మాక్రోలో ఎఫ్ 16, 1/200, ఐఎస్ఓ 100 పెడితే, స్ట్రోబ్ లేకుండా ఆ ఎక్స్‌పోజర్ చీకటే. మిర్రర్‌లెస్ కెమెరా ఆ చీకటినే చూపిస్తుంది. సోనీ మెనూలో లైవ్ వ్యూ డిస్‌ప్లేలో సెట్టింగ్ ఎఫెక్ట్‌ను ఆఫ్ చేయాలి. వైడ్ తీసేటప్పుడు నీలం ఎలా వస్తుందో చూసుకోవడానికి మళ్లీ ఆన్ చేసుకోవాలి. దీన్ని ఒక బటన్‌కి కేటాయించుకోండి. ఫోకస్ లైట్ కూడా ఒకటి ఉండాలి, లేకపోతే మసక వెలుగులో 90 మి.మీ. తడబడుతుంది.

అలలరాణి:
రెండో స్ట్రోబ్ ముందు అన్నది నిజమే, ఒప్పుకుంటాను. కానీ ఎండలో, నీటి పైభాగంలో స్క్రీన్ కనిపించక ఫోకస్ తప్పే ఫోటోలు మాక్రోలో చాలా ఉంటాయి. 1:1 దగ్గర కన్ను పదునుగా ఉందా, కనుబొమ్మ పదునుగా ఉందా అన్నది స్క్రీన్‌లో తేల్చుకోవడం నాకైతే కష్టం. మాక్రో మీదే మనసు పెట్టినవాళ్లకు రెండో కొనుగోలుగా 45 డిగ్రీలదే చెబుతాను.

ఫిల్మ్‌కాలం:
పాత సంగతి ఒకటి చెప్పాలనిపించింది. 1963లో వచ్చిన నికాన్ వాళ్ల నీటి అడుగు కెమెరా నికోనోస్‌కి లెన్స్ గుండా చూసే ఏర్పాటే లేదు. దాని 15 మి.మీ. లెన్స్‌ను నీళ్లలోనే వాడేలా రూపొందించారు. ముందు గాజు నేరుగా నీటిని తాకుతుంది, మధ్యలో గాలి పొర, డోమ్ ఏమీ లేవు. అందుకే దాని పదును ఇప్పటికీ చెప్పుకుంటారు. ఫ్రేమింగ్‌కి కెమెరా పైన విడిగా ఒక ఆప్టికల్ వ్యూఫైండర్ తగిలించేవాళ్లు. అది లెన్స్‌కి కొంచెం పైన ఉంటుంది కాబట్టి దగ్గరి బొమ్మ తల తెగేది, మనసులోనే సర్దుకోవాలి. మాక్రోకి అయితే ఎక్స్‌టెన్షన్ ట్యూబ్, దాని చివర తీగతో చేసిన చట్రం. ఆ చట్రంలో ఏది పడితే అదే ఫోకస్, అదే ఫ్రేమ్. భయపడే చేప అందులోకి వస్తే కదా! 1992లో నికోనోస్ ఆర్ఎస్ వచ్చాకే నీళ్లలో లెన్స్ గుండా చూస్తూ ఆటో ఫోకస్‌తో తీయడం హౌసింగ్ లేకుండా కుదిరింది. ఈ రోజు వెట్ లెన్సులు చేసేది కూడా అదే పని, నీళ్లను ముందే లెక్కలోకి తీసుకోవడం.

చిట్టిచేప:
నాది చిన్న కెమెరా, ఒలింపస్ టీజీ-6. ఈ లెక్కలు నాకూ వర్తిస్తాయా?

మాక్రోపిచ్చి:
మీకు ఇంకా తేలిక. మైక్రోస్కోప్ మోడ్‌లో లెన్స్ నుంచి ఒక సెంటీమీటరు దాకా ఫోకస్ అవుతుంది, డయాప్టర్ అవసరం రాదు. మీ సమస్య వెలుగు. అంత దగ్గరికి వెళ్తే కెమెరా నీడే పడుతుంది. కొంచెం వెనక్కి వచ్చి జూమ్ చేయండి, పక్క నుంచి వెలుగు ఇవ్వండి. వైడ్ కావాలంటే వెట్ వైడ్ లెన్స్ తగిలించుకోవచ్చు.

కడలిపిట్ట:
అందరికీ చాలా థాంక్స్. 90కి ఫ్లాట్ పోర్ట్, 28-70కి ఇంకో ఫ్లాట్ పోర్ట్, దాని ముందు వెట్ వైడ్ లెన్స్, రెండు స్ట్రోబులు. 16-35 నేల మీదే ఉంటుంది. వ్యూఫైండర్ వచ్చే ఏడాది, అప్పటికి మాక్రో ఎక్కువ తీస్తుంటే 45, లేకపోతే 180. ఒకటి అడగాలి: రెండు లెన్సులకూ ఒకే ఫ్లాట్ పోర్ట్ కుదరదా?

లోతుమనిషి:
సాధారణంగా కుదరదండి. 90 పొడవైన లెన్స్, 28-70 పొట్టిది. పొడవైన పోర్ట్‌లో పొట్టి లెన్స్ పెడితే గాజు లెన్స్‌కి దూరమై, 28 దగ్గర మూలలు నల్లగా కోసుకుపోతాయి. వెట్ లెన్స్ కూడా సరిగ్గా కూర్చోదు. హౌసింగ్ కంపెనీ పోర్ట్ చార్ట్‌లో రెండు లెన్సులకూ విడివిడిగా చూడండి, జూమ్ గేర్ (హౌసింగ్ బయటి నుంచి జూమ్ తిప్పే పళ్ల చక్రం) నంబర్‌తో సహా. కొన్నిసార్లు పొట్టి పోర్ట్‌కి ఎక్స్‌టెన్షన్ రింగ్ కలిపితే 90కి సరిపోతుంది, అలా అయితే గాజు ఒక్కటే కొంటే చాలు. చార్ట్‌లో ఆ కలయిక రాసి ఉంటేనే తీసుకోండి.